ఒక్క స్కాన్ చూసి మెదడు కుంచించుకుపోయిందని ఎలా చెబుతారు? దీనికి గణాంక శాస్త్రవేత్తల సమాధానం ఏమిటి?

పెన్నాతీరం (ప్రశ్న):

నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో పంతొమ్మిదేళ్లుగా స్టాటిస్టిక్స్ పాఠాలు చెబుతున్నాను. వైద్య సలహా కోసం ఈ ప్రశ్న అడగడం లేదు. ఆ విషయంలో మా డాక్టరు గారు చెప్పవలసింది చెప్పారు, మాకు దిగులు లేదు. నేను రోజూ తరగతిలో చెప్పే పాఠమే నా ఇంట్లో ప్రశ్నగా మారి, దానికి నేను జవాబు చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారికి 71 ఏళ్లు. రెండు నెలల క్రితం ఒక ఉదయం నిద్ర లేవగానే కళ్లు తిరిగి మంచం కోడు పట్టుకుని కూలబడిపోతే, ముందుజాగ్రత్తగా మెదడుకు ఎమ్మారై తీయించారు. కారణం చెవిలో ఉందని తర్వాత తేలింది, మందులతో తగ్గింది కూడా. అయితే స్కాన్ రిపోర్టు చివర్లో, వయసుతో వచ్చే మెదడు కుంచింపు కనిపిస్తున్నదని ఒక వాక్యం ఉంది. ఆ వయసువారిలో ఇది మామూలేనని డాక్టరు గారు చెప్పినా, నాన్నగారు ఆ సాయంత్రం ఫిల్మును ట్యూబులైటు వెలుగుకు ఎత్తిపట్టుకుని ఒక్కో గడినీ చూస్తూ, "ఇదివరకు ఎంత ఉండేదో వీళ్లకెలా తెలుసురా?" అని అడిగారు. ఆయన ముప్పయ్యేళ్లకు పైగా పోస్టాఫీసులో పొదుపు ఖాతాలు రాసిన మనిషి. ప్రారంభ నిల్వ తెలియకుండా తరుగు ఎంతో చెప్పడం ఆయన దృష్టిలో లెక్కే కాదు.

ఆ తర్వాత కొంత చదివితే, మెదడు చిత్రాలనూ వృద్ధాప్యాన్నీ కలిపి అధ్యయనం చేయడమే జీవితకాలపు పనిగా పెట్టుకున్న గణాంక శాస్త్రవేత్తలు విశ్వవిద్యాలయాల్లో ఉన్నారని తెలిసింది. వాళ్లు చేసే పని అసలు ఏమిటి? ఒక చిత్రం రిగ్రెషన్‌లో (ఒక కొలత మరికొన్నిటిని బట్టి ఎలా మారుతుందో చెప్పే సమీకరణంలో) పెట్టదగిన అంకెలుగా ఎలా మారుతుంది? ప్రతి మనిషినీ ఒక్కసారే స్కాన్ చేసినప్పుడు, కనిపించే తేడా వయసు వల్ల వచ్చిందని ఎలా తేలుస్తారు? ఈ మధ్య "మీ మెదడు వయసు ఇంత" అని చెప్పే లెక్కల గురించి కూడా వింటున్నాను. ఒక మనిషి విషయంలో ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ రంగంలో పనిచేసినవారు వివరంగా చెబితే, నాన్నగారికి నా మాటల్లో చెప్పగలుగుతాను.

మధ్యగతం:

పెన్నాతీరం గారికి నమస్కారం. నేను బయోస్టాటిస్టిక్స్‌లో పరిశోధన చేసి, పదకొండేళ్లుగా మెదడు చిత్రాల విశ్లేషణ మీదే పనిచేస్తున్నాను. మీ నాన్నగారు అడిగిన ప్రశ్నను మా రంగంలో ఎవరూ దాటవేయకూడదు, కానీ చాలామంది దాటవేస్తారు. అందుకే కాస్త నిదానంగా రాస్తాను.

ముందు చిత్రం సంగతి. స్కానరు నుంచి వచ్చేది మనకు బొమ్మలా కనిపిస్తుంది గానీ, లోపల అది అంకెల గాదె. మెదడును సుమారు ఒక మిల్లీమీటరు భుజం ఉన్న ఘనాలుగా తరిగినట్లు ఊహించుకుంటే ఒక్కో ఘనానికి ఒక్కో అంకె ఉంటుంది, ఆ ఘనాన్నే వోక్సెల్ అంటారు. పెద్దవాళ్ల మెదడు పరిమాణం ఇంచుమించు 1,200 ఘన సెంటీమీటర్లు కాబట్టి, ఒక్క మనిషి నుంచే పది లక్షలకు పైగా అంకెలు వస్తాయి. ఏ ఇద్దరి తలలూ ఒకే ఆకారంలో ఉండవు కనుక, అందరి మెదళ్లనూ ఒక ఉమ్మడి అచ్చులోకి సాగదీసి సరిపెడతారు. ప్రపంచంలో ఎక్కువగా వాడే అచ్చు మాంట్రియల్‌లో 152 మంది స్కాన్ల సగటుగా తయారైంది. ఎక్కడ ఎంత సాగదీశామో, ఎంత నొక్కామో కూడా గుర్తుపెట్టుకుంటే, ఆ చోట ఆ మనిషికి అసలు ఎంత కణజాలం ఉందో లెక్క దొరుకుతుంది. ఆపైన ప్రతి వోక్సెల్ దగ్గరా మీకు తెలిసిన రిగ్రెషనే జరుగుతుంది: ఎడమవైపు గ్రే మ్యాటర్ (నాడీకణాలు దట్టంగా ఉండే బూడిదరంగు కణజాలం), కుడివైపు వయసు, లింగం, తల పరిమాణం.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లక్ష చోట్ల 5 శాతం స్థాయిలో పరీక్షిస్తే, వయసు ప్రభావం అసలేమీ లేకపోయినా 5,000 చోట్ల ఉన్నట్లు కనిపిస్తుంది. మీరు తరగతిలో చెప్పే బాన్‌ఫెరోనీ సవరణ, అంటే ఆ 5 శాతాన్ని పరీక్షల సంఖ్యతో భాగించడం, ఇక్కడ మరీ కఠినమైపోతుంది, ఎందుకంటే పక్కపక్కనున్న వోక్సెళ్లు స్వతంత్రమైనవి కావు, ఒకటి పెరిగితే పక్కదీ పెరుగుతుంది. దీనికి దారి చూపించినవాడు మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణాంక శాస్త్రవేత్త కీత్ వోర్స్‌లీ. 1992 నుంచి ఆయన రాసిన వ్యాసాల్లోని ఆలోచనను నేను విద్యార్థులకు నాగార్జునసాగర్‌తో చెబుతుంటాను. జలాశయం నిండేటప్పుడు గుట్టలన్నీ ఒక్కొక్కటే మునిగిపోయి, చివరికి నాగార్జునకొండ లాంటి ఎత్తయినవి మాత్రమే దీవులుగా మిగులుతాయి కదా. యాదృచ్ఛికమైన గజిబిజి కూడా, కాస్త నునుపు చేస్తే, ఇలాంటి గుట్టల నేలలాగే ఉంటుంది. నీటిమట్టం ఎంత ఎత్తులో పెడితే, కేవలం గజిబిజి వల్ల ఒక్క దీవి అయినా మిగిలే సంభావ్యత 5 శాతానికి తగ్గుతుందో లెక్కకట్టడమే ఆయన చేసిన పని.

ఆ లెక్కకూ షరతులున్నాయి. 2016లో స్వీడన్ పరిశోధకులు ఆండర్స్ ఎక్లుండ్, హాన్స్ క్నుట్సన్‌లతో కలిసి గణాంక శాస్త్రవేత్త థామస్ నికోల్స్, పని చేస్తున్న మెదడును చిత్రించే ఎఫ్ఎమ్మారై విషయంలో ఒక పరీక్ష చేశారు. 499 మంది ఆరోగ్యవంతులు ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నప్పటి స్కాన్లను తీసుకుని, వాళ్లను యాదృచ్ఛికంగా జట్లుగా విడగొట్టి, లేని తేడా కోసం వెదికారు. 5 శాతం మాత్రమే రావలసిన తప్పుడు ఫలితాలు, దీవుల పరిమాణాన్ని బట్టి తీర్పు చెప్పే పద్ధతిలో, కొన్ని సందర్భాల్లో 70 శాతం దాకా వచ్చాయి. దీనివల్ల 40,000 అధ్యయనాలు సందేహంలో పడ్డాయని మొదట రాసిన వాక్యాన్ని వాళ్లే సవరించుకున్నారు. నిజంగా ఇబ్బందిలో పడేవి సుమారు 3,500 ఉండవచ్చని నికోల్స్ తర్వాత లెక్కవేశారు. తాము వాడే పనిముట్టును తామే ఇంత గట్టిగా పరీక్షించుకుని, పరీక్ష గురించి రాసిన దాంట్లోని తప్పును కూడా తామే దిద్దుకున్నందుకు వాళ్ల మీద నాకు గౌరవం ఎక్కువ.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రశ్న. 20 నుంచి 80 ఏళ్ల దాకా మనుషులను తెచ్చి ఒక్కొక్కరినీ ఒక్కసారే స్కాన్ చేస్తే మనకు దొరికేది వయసుల మధ్య తేడా, అది వయసుతో వచ్చిన మార్పు కాదు. మన ఊళ్లోనే అందరి ఎత్తులూ కొలిచి చూడండి. ముసలివారు పొట్టిగా ఉంటారు. వయసుతో వెన్ను కుంగిన మాట కొంత నిజమే గానీ, వాళ్లు పుట్టి పెరిగిన రోజుల్లో తిండి తక్కువ కావడం వల్ల మొదటి నుంచీ పొట్టిగా ఉండటమూ ఉంది. ఒక్కసారి తీసిన కొలత ఈ రెంటినీ విడదీయలేదు. మెదడు విషయంలో చదువు, బాల్యపు పోషణ, పుట్టినప్పటి బరువు, అన్నీ ఇలాగే వయసు వేషం వేసుకుని వస్తాయి.

దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ స్కాట్లండ్‌ది. 1947 జూన్‌లో అక్కడ 1936లో పుట్టిన పిల్లల్లో దాదాపు అందరికీ, అంటే 70,805 మందికి, ఒకే తెలివితేటల పరీక్ష పెట్టారు. ఆ పిల్లల్లో 1,091 మందిని ఇయన్ డియరీ బృందం 2004-2007 మధ్య, వాళ్లకు సుమారు 70 ఏళ్లు వచ్చాక వెదికి పట్టుకుని మళ్లీ పరీక్షించింది, 73వ ఏట మెదడు స్కాన్లు తీసింది. ముసలితనంలో పరీక్ష బాగా రాసినవారికి మెదడు పైపొర మందంగా ఉందని తేలింది. ఇది చూస్తే ఎవరైనా, పొర పలచబడినవారికి తెలివి తగ్గిందని రాసేస్తారు. కానీ ఆ పరిశోధకుల దగ్గర 11వ ఏటి మార్కులు ఉన్నాయి. వాటిని కూడా సమీకరణంలో పెడితే, ఆ సంబంధంలో మూడింట రెండు వంతులకు పైగా చిన్ననాటి తేడాతోనే సరిపోయిందని 2014లో ప్రచురించారు. అంటే అది చాలావరకు తరుగు కాదు, అరవై ఏళ్లుగా ఉన్న తేడా. మీ నాన్నగారు అడుగుతున్న ప్రారంభ నిల్వ ఆ పుస్తకంలో ఉంది కాబట్టే అది బయటపడింది.

ప్రారంభ నిల్వ లేనప్పుడు చేయగలిగింది, అదే మనుషులను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కొలవడం. ఆ కొలతలను విశ్లేషించే పద్ధతిలో ప్రతి మనిషికీ తనదైన మొదలు, తనదైన వాలు ఉంటాయి, ఆ వాలులన్నీ ఒక ఉమ్మడి సగటు చుట్టూ చెదిరి ఉంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన సి.ఆర్. రావు గారు 1965లో బయోమెట్రికా పత్రికలో పెరుగుదల రేఖల మీద రాసిన వ్యాసం ఈ ఆలోచనకు పునాదుల్లో ఒకటి. 1982లో లెయర్డ్, వేర్ దానిని ఇప్పుడు అందరూ వాడే రూపంలోకి తెచ్చారు. పెరుగుదల కోసం పుట్టిన గణితమే ఈ రోజు తరుగుదలను కొలుస్తోంది. దీనిని మీ విద్యార్థులకు తప్పకుండా చెప్పండి.

అయితే మళ్లీ మళ్లీ కొలవడంలోనూ ఒక మోసం ఉంది. రెండోసారి స్కానుకు వచ్చేవాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. ఒంట్లో బాగాలేనివాళ్లు, మతిమరపు మొదలైనవాళ్లు రారు. స్వీడన్‌లోని ఉమియోలో 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కసారి కొలతలు చూస్తే వృద్ధుల మెదడు ముందుభాగం యువకులకంటే ఎక్కువగా పనిచేస్తున్నట్లు కనిపించింది. అదే మనుషులను ఆరేళ్ల ఎడంతో చూస్తే ఆ పని తగ్గుతోందని తేలింది. మొదటి బొమ్మలో కనిపించినది వయసు చేసిన పని కాదు, ఎంపికలో చురుకైన వృద్ధులు ఎక్కువగా చేరడం వల్ల వచ్చిన భ్రమ.

అయస్కాంతం:

నేను గణాంకాలు చదువుకున్నవాడిని కాను. వరంగల్‌లో ఎమ్మారై టెక్నాలజిస్టుగా పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మధ్యగతం గారు రాసినది రెండుసార్లు చదివాను. ఆ అంకెలు పుట్టే గదిలో ఏం జరుగుతుందో కూడా ఈ చర్చలో ఉండాలనిపించి రాస్తున్నాను.

పెద్దవయసువారిని బల్ల మీద పడుకోబెట్టడమే ఒక పని. మట్టెలు, గాజులు తీయిస్తాం. యాభై ఏళ్లుగా తీయని ముక్కుపుడక సబ్బునీళ్లు పెట్టినా రాదు. నడుము నొప్పికి మోకాళ్ల కింద దిండు పెట్టి, చెవులకు రెండువైపులా స్పాంజి ముక్కలు దూర్చి, చేతిలో పిలుపు బుడగ పెట్టి, అస్సలు కదలవద్దని చెబుతాం. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఊపిరి కూడా ఆపమంటవా నాయనా?" అని అడిగారు. ఆమె భయానికి నాకు బాధ కలిగింది. కదలకపోవడం ఎంత కష్టమో ఆ రోజు నుంచి నేను తేలికగా మాట్లాడటం మానేశాను. దగ్గు, వణుకు, నొప్పి, చెవి సరిగ్గా వినపడక సూచన అందకపోవడం, ఇవన్నీ వయసుతో పెరిగేవే. కంటికి తెలియనంత చిన్న కదలిక జరిగినా చిత్రంలో అంచులు చెదురుతాయి. అలా చెదిరిన చిత్రాన్ని కంప్యూటరుకు ఇస్తే అది గ్రే మ్యాటర్‌ను అసలు కంటే తక్కువగా లెక్కకడుతుందని, మనుషులను కావాలని తల కదిలించమని చెప్పి తీసిన స్కాన్లతో 2015లో చూపించారు.

అందుకే నా మనసులో ఎప్పుడూ ఒక ప్రశ్న ఉంటుంది. వృద్ధులు ఎక్కువగా కదులుతారు, కదిలితే మెదడు చిన్నదిగా కనిపిస్తుంది. అలాంటప్పుడు మీరు గీసే వయసు గీతలో కొంత భాగం మా బల్ల మీది కదలికల గీత కాదా? ఇంకొకటి. మా కేంద్రంలో నాలుగేళ్ల క్రితం 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) యంత్రం తీసేసి 3 టెస్లా పెట్టారు. ఒకే మనిషికి ముందు దానిలో, తర్వాత దీనిలో తీస్తే కొలతలు సరిపోవు. ఉదయం తీసిన స్కాన్‌లో మెదడు సాయంత్రం కంటే రవ్వంత పెద్దదిగా వస్తుందని కూడా చదివాను. ఇవన్నీ మీ లెక్కలో ఎక్కడ సర్దుతారు?

మధ్యగతం:

అయస్కాంతం గారూ, మీ ప్రశ్న చదివాక మా విభాగంలో ప్రతి పరిశోధక విద్యార్థీ ఒక వారం మీ గదిలో కూర్చోవాలనిపించింది. మీరు చెప్పినది నిజమే. అది ఒక చోట పూర్తిగా సర్దుకునే విషయం కాదు.

యంత్రాల తేడాకు ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి కాంబ్యాట్. అది 2007లో జన్యువుల కొలతల కోసం పుట్టింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని గణాంక శాస్త్రవేత్తలు 2017లో దానిని మెదడు చిత్రాలకు తెచ్చారు. ఒక్కో యంత్రం సగటును ఎంత పక్కకు నెడుతుందో, చెదురును ఎంత పెంచుతుందో అంచనా వేసి, వయసు ప్రభావాన్ని కాపాడుతూ ఆ వంతును తీసివేస్తుంది. కానీ ఒక యంత్రంలో అందరూ వృద్ధులే, ఇంకోదానిలో అందరూ యువకులే ఉంటే, ఏది యంత్రం వంతో ఏది వయసు వంతో ఏ గణితమూ చెప్పలేదు. అది స్కాన్లు తీయకముందే, ప్రణాళిక దగ్గరే ఆలోచించుకోవాలి.

కదలిక ఇంకా కష్టమైనది. కదలికను సమీకరణంలో పెట్టి తీసివేస్తే, దానితోపాటు వయసు ప్రభావంలోనూ కొంత కొట్టుకుపోతుంది, ఎందుకంటే ఆ రెండూ కలిసే పెరుగుతాయి. తీయకపోతే మీరన్న దోషం మిగిలిపోతుంది. నా మటుకు నేను రెండు విధాలా చేసి రెండు ఫలితాలనూ ప్రచురిస్తాను. ఆరోగ్యవంతులైన వృద్ధుల్లో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం ఏడాదికి సుమారు 1.4 శాతం, అల్జీమర్స్ ఉన్నవారిలో సుమారు 4.7 శాతం తగ్గుతుందని పలు అధ్యయనాలను కలిపిన లెక్క ఒకటి ఉంది. ఏడాది ఎడంతో తీసిన రెండు స్కాన్ల మధ్య మనం వెదికే మార్పే ఇంత చిన్నదైనప్పుడు, ఒక్క దగ్గు దానిని మింగేయగలదు.

చార్మినార్_నీడ:

నేను హైదరాబాద్‌లో పరిశోధక విద్యార్థిని. "మెదడు వయసు" లెక్కల మీదే నా పని కాబట్టి పెన్నాతీరం గారి చివరి ప్రశ్నకు జవాబు రాస్తున్నాను.

వేలమంది ఆరోగ్యవంతుల స్కాన్లు, వాళ్ల వయసులు కంప్యూటరుకు ఇచ్చి, స్కాన్ నుంచి వయసును ఊహించడం నేర్పుతారు. ఆ తర్వాత కొత్త మనిషి స్కాన్ ఇస్తే అది ఒక వయసు చెబుతుంది. అసలు వయసుకూ దానికీ ఉన్న తేడాను, మెదడు ముందుగా ముసలిదైందనడానికో యవ్వనంగా ఉందనడానికో గుర్తుగా తీసుకుంటారు. జర్మనీలో కాట్యా ఫ్రాంకె, క్రిస్టియన్ గేజర్ బృందం 2010లో ప్రచురించిన తొలి లెక్కల్లో సగటు తప్పు 5 ఏళ్లు. అంటే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా నాలుగైదేళ్లు అటూఇటూ రావడం మామూలే.

ఇందులో మీ డిగ్రీ పాఠం ఒకటి దాగి ఉంది. ఊహ పరిపూర్ణం కానప్పుడు అంచనాలన్నీ సగటు వైపు ఒరుగుతాయి. నేర్చుకున్న జనాభా సగటు వయసు 55 అనుకుందాం. అప్పుడు 40 ఏళ్లవారి మెదడు అసలు కంటే ముసలిదిగానూ, 75 ఏళ్లవారి మెదడు అసలు కంటే పిన్నదిగానూ కనిపిస్తుంది. వాళ్ల మెదళ్లలో ఏ విశేషమూ లేదు, అది గణాంక శాస్త్రవేత్త గాల్టన్ కాలం నుంచి మనకు తెలిసిన సగటు వైపు తిరోగమనమే. ఆక్స్‌ఫర్డ్‌లోని స్టీఫెన్ స్మిత్ బృందం 2019లో దీనిని వివరంగా విప్పి, సవరణ ఎలా చేయాలో రాసింది. ఆ సవరణ చేయకుండా 75 ఏళ్ల పెద్దాయనకు "మీ మెదడు వయసు 69" అని చెబితే, ఆయన పొందే సంతోషానికి ఆధారం ఉండదు.

అంతకంటే లోతైన ప్రశ్నను 2021లో నార్వేకు చెందిన విడాల్-పిన్యేరో బృందం వేసింది. మెదడు ముసలిదని తేలిన మనుషుల మెదడు నిజంగా వేగంగా తరుగుతోందా అని, పదేపదే స్కాన్ చేసినవారిలో వెదికారు. ఒక్క స్కాన్ చెప్పిన "మెదడు వయసు"కూ ఆ తరువాతి తరుగు వేగానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. దానికి బదులు పుట్టినప్పటి బరువుతోనూ, పుట్టుకతో వచ్చిన జన్యువులతోనూ సంబంధం కనపడింది. మధ్యగతం గారు చెప్పిన స్కాట్లండ్ కథే ఇక్కడ మళ్లీ ఎదురైంది. నేను నా పరిశోధన మొదటి ఏడాదిలో ఈ వ్యాసం చదివి, రెండు వారాలు నా పనినంతా మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకున్నాను.

మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. 2022లో నేచర్ పత్రికలో, 1,23,984 స్కాన్లు చేర్చి, తల్లి గర్భం నుంచి 100 ఏళ్ల దాకా మెదడు ఎదుగుదల పట్టికలు గీశారు. పిల్లల డాక్టరు దగ్గర ఎత్తు, బరువు చూసే పట్టిక లాంటివే అవి. గ్రే మ్యాటర్ సుమారు 6 ఏళ్లకు, వైట్ మ్యాటర్ (మెదడు భాగాలను కలిపే నరాల తీగల కణజాలం) సుమారు 29 ఏళ్లకు గరిష్ఠానికి చేరి, తర్వాత తగ్గుముఖం పడతాయని అందులో ఉంది. చాలా గొప్ప పని. కానీ ఆ స్కాన్లలో అత్యధికం యూరప్, ఉత్తర అమెరికాలవి. నెల్లూరులో 71 ఏళ్ల మనిషిని ఆ గీత మీద ఎక్కడ నిలబెట్టాలో మనకు ఇంకా సరిగ్గా తెలియదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వారు వంద మంది స్కాన్లతో భారతీయ మెదడు అచ్చు తయారుచేశారు, అయితే వాళ్లంతా యువకులు. వృద్ధాప్యానికి ఆశ పెట్టుకోదగినది బెంగళూరు ఐఐఎస్సీలోని మెదడు పరిశోధన కేంద్రం కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో నడుపుతున్న దీర్ఘకాలిక అధ్యయనం. అది మన సరిహద్దు ప్రాంతం, అక్కడి ఇళ్లలో తెలుగు బాగా వినిపిస్తుంది. బడి మెట్లెక్కని రైతులను, కూలీలను ఏళ్ల తరబడి వెంటాడి కొలిచే పని ప్రపంచంలో చాలా అరుదు. దాని ఫలితాల కోసం నేను ఎంతో ఆత్రుతతో ఎదురుచూస్తున్నాను.

విశాఖ_కెరటం:

చార్మినార్_నీడ గారి మాటలు చదివినవారు, మెదడు వయసు లెక్క పనికిరానిదని అనుకునే ప్రమాదం ఉంది. నేను న్యూరాలజీ విభాగంలో పనిచేసే డాక్టరును. గుంపుల స్థాయిలో ఆ అంకెకు విలువ ఉంది. మధ్యగతం గారు చెప్పిన ఆ స్కాట్లండ్ వృద్ధుల్లోనే, అసలు వయసు కంటే మెదడు ముసలిదిగా కనిపించినవారికి, ఒక్కో అదనపు ఏడాదికీ మరణపు ముప్పు సుమారు 6 శాతం ఎక్కువగా ఉందని 2018లో తేలింది. మందుల ప్రయోగాల్లో రెండు జట్లను పోల్చడానికి ఇలాంటి కొలత ఉపయోగపడుతుంది. ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి భవిష్యత్తు చెప్పడానికి మాత్రం నేను దానిని వాడను.

పెన్నాతీరం గారి నాన్నగారి ప్రశ్నకు ఇక్కడ ఎవరూ చెప్పని ఒక జవాబు ఉంది. ప్రారంభ నిల్వ పూర్తిగా పోలేదు. అది కొంతవరకు పుర్రెలో రాసి ఉంది. చిన్నతనంలో మెదడు పెరిగేకొద్దీ పుర్రె దానికి తగ్గట్టు పెరుగుతుంది, ఆ తర్వాత మెదడు తగ్గినా పుర్రె తగ్గదు. కాబట్టి పుర్రె లోపలి పరిమాణం చూస్తే, ఈ మనిషి మెదడు తన నిండు వయసులో ఎంత ఉండి ఉంటుందో ఒక ఉజ్జాయింపు దొరుకుతుంది. ఇప్పుడు మెదడుకూ ఎముకకూ మధ్య ఖాళీ పెరిగి, మడతల మధ్య గాడులు వెడల్పై, లోపలి గదులు పెద్దవై, అక్కడంతా ద్రవం నిండి ఉంటే, రేడియాలజిస్టు దానిని కుంచింపు అని రాస్తారు. చాలా చోట్ల అది ఇప్పటికీ కంటితో చూసి చెప్పేదే. మతిమరపుకు సంబంధించిన భాగాన్ని 0 నుంచి 4 వరకు అంచెలుగా చూసే షెల్టెన్స్ కొలమానం 1992 నాటిది, మేము నేటికీ వాడుతున్నాం.

కాబట్టి రిపోర్టు రాసినవారు గాలిలోంచి చెప్పలేదు. కానీ పుర్రె చెప్పేది మొత్తం నిల్వ ఎంతన్నది మాత్రమే. ఏ భాగంలో ఎంత తగ్గింది, ఎప్పుడు తగ్గింది, ఇంకా తగ్గుతోందా, ఇవేవీ దానికి తెలియవు. ముప్పయ్యేళ్లలో మెల్లగా తగ్గినా, మూడేళ్లలో వేగంగా తగ్గినా, ఒక్క స్కాన్‌లో ఒకేలా కనిపించవచ్చు. వేగం తెలియాలంటే రెండో స్కాన్ కావాలి, దానిని కూడా అవసరం ఉంటేనే తీయించాలి. మతిమరపు, నడకలో మార్పు, రోజువారీ పనుల్లో తడబాటు లేని మనిషికి కేవలం ఆ వాక్యం కోసం మళ్లీ స్కాన్ తీయించమని నేను చెప్పను.

పెన్నాతీరం:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి భోజనాలయ్యాక నాన్నగారికి ఇదంతా చెప్పాను. పుర్రె సంగతి చెప్పినప్పుడు ఆయన తన తలను రెండు అరచేతులతో పట్టుకుని కాసేపు ఊరుకున్నారు. తర్వాత, "అయితే ఖాతా తెరిచిన రోజు నిల్వ ఉంది, ఈ రోజు నిల్వ ఉంది, మధ్యలో పేజీలు లేవు" అన్నారు. నేను ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా ఇంత స్పష్టంగా చెప్పలేకపోయాను. స్కాట్లండ్ పిల్లల కథను మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నారు. 1947లో రాసిన మార్కుల కాగితాలను పారేయకుండా అన్నేళ్లు దాచినవారి మీద ఆయనకు ఎంతో గౌరవం కలిగింది.

ఈ పొద్దున్నే ఫిల్ములున్న కవరు తీసి, పైన తేదీ, సమయం, యంత్రం 1.5 టెస్లా అన్న వివరం ఆయనే తన చేతిరాతతో రాశారు. అయస్కాంతం గారిని ఒక్క మాట అడగాలి. ఎప్పుడైనా అవసరం పడి మళ్లీ తీయించవలసి వస్తే పోల్చుకోవడానికి ఈ ఫిల్ములు దాస్తే సరిపోతుందా?

అయస్కాంతం:

ఫిల్ములు చాలవండి. మన ఎండలకు బీరువాలో ఒకదానికొకటి అంటుకుపోతాయి, పైగా అందులో ఉన్నవి ఎంపిక చేసిన గడులు మాత్రమే. స్కాన్ తీసిన చోటుకు వెళ్లి, పూర్తి చిత్రాలు డిస్కులో గానీ పెన్‌డ్రైవులో గానీ ఇమ్మని అడగండి. చాలా కేంద్రాల్లో పాత చిత్రాలను కొంతకాలం తర్వాత తీసేస్తారు కాబట్టి ఆలస్యం చేయకండి. అందులో ప్రతి గడికీ యంత్రం పేరు, తీసిన పద్ధతి, సమయం అన్నీ దానంతట అదే నమోదై ఉంటాయి. ఇంట్లో కంప్యూటరులో ఒకసారి తెరిచి చూసుకుని, ఇంకో నకలు వేరే చోట కూడా ఉంచండి. మళ్లీ తీయించవలసి వస్తే వీలైనంతవరకు అదే యంత్రంలో, అదే వేళకు తీయించి, ఆ డిస్కును లోపలికి వెళ్లేముందే టెక్నాలజిస్టు చేతికి ఇవ్వండి. అప్పుడు వాళ్లు పాత స్కాన్ ఏ కోణంలో తీశారో చూసి, అదే కోణంలో తీస్తారు.